కెల్టిక్ పంక్ లైవ్ ఆల్బమ్‌ను ఎలా వినాలి

కెల్టిక్ పంక్ గురించి ఎవరో చెబితే ఒక స్టూడియో ఆల్బమ్ పెట్టుకుని, నాలుగు పాటలు విన్నాక "బాగానే ఉంది, కానీ దీనికోసం జనం ఇంతగా ఊగిపోవడం దేనికి?" అని ఆపేసినవారి కోసం ఇది రాస్తున్నాను. మీ సందేహం సబబైనదే. ఈ సంగీతంలో సగం పని బ్యాండు చేస్తుంది, మిగతా సగం హాలులో నిలబడినవారు చేస్తారు. స్టూడియోలో ఆ రెండో సగం ఉండదు. వేరే సంగీతాలలో లైవ్ ఆల్బమ్ అంటే అన్నీ కొనేసిన అభిమాని చివర్లో కొనే అదనపు సరుకు. ఇక్కడ మాత్రం అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

ముందుగా కొంచెం నేపథ్యం. ఐర్లండ్, స్కాట్లండ్ జానపద బాణీలను, వాయిద్యాలను పంక్ రాక్ వేగంతో, దురుసుతనంతో కలిపితే వచ్చినది కెల్టిక్ పంక్. దీనికి దారి వేసిన పోగ్స్ బ్యాండు పుట్టింది డబ్లిన్‌లో కాదు, లండన్‌లోని కింగ్స్ క్రాస్ ప్రాంతంలో, 1982లో. తర్వాత వచ్చిన పెద్ద పేర్లు చూడండి: డ్రాప్‌కిక్ మర్ఫీస్ బోస్టన్ పక్కనున్న క్విన్సీలో 1996లో మొదలైంది, ఫ్లాగింగ్ మాలీ లాస్ ఏంజెలిస్‌ది, రియల్ మెకెన్జీస్ కెనడాలోని వాంకూవర్‌ది. అన్నీ వలస వెళ్లినవారి ఊళ్లే. ఊరు వదిలి వచ్చినవారి పిల్లలు, మనవలు ఒకచోట చేరి గొంతు కలపడానికి వాడుకున్న సంగీతం ఇది. చేరడం అన్నది తీసేస్తే మిగిలేది వేగంగా వాయించిన పాత బాణీ మాత్రమే.

మొదటి అడుగు: ముందు హాలును ఎంచుకోండి, తర్వాతే బ్యాండును

ఏ ఆల్బమ్‌కు ఎన్ని నక్షత్రాలు వచ్చాయో వెతకకండి. ఏ గదిలో, ఎవరి ముందు రికార్డు చేశారో చూడండి. గది మారితే ఈ సంగీతం కూడా మారిపోతుంది. మూడు రకాల గదులను ఈ వరుసలో వినమంటాను.

మొదటిది పబ్బు. ఫ్లాగింగ్ మాలీ 1997లో తెచ్చిన 'అలైవ్ బిహైండ్ ద గ్రీన్ డోర్' తీసుకోండి. లాస్ ఏంజెలిస్‌లో మాలీ మలోన్స్ అనే ఐరిష్ పబ్బు ఉండేది. ఈ బ్యాండు అక్కడే వారం వారం వాయిస్తూ ఎదిగింది, పేరులోని మాలీ కూడా ఆ పబ్బు చలవే. గాయకుడు డేవ్ కింగ్ డబ్లిన్‌లో పుట్టినవారు, అంతకుముందు ఫాస్ట్‌వే అనే హార్డ్ రాక్ బ్యాండులో పాడినవారు. ఒక్క స్టూడియో ఆల్బమ్ కూడా లేకుండానే ఈ బ్యాండు లైవ్ ఆల్బమ్‌తో జనం ముందుకు వచ్చిందని గుర్తుంచుకోండి. వారి తొలి స్టూడియో ఆల్బమ్ 'స్వాగర్' 2000లో గాని రాలేదు. పబ్బు రికార్డింగులో శబ్దం గరుకుగా ఉంటుంది. గాయకుడికీ వినేవారికీ మధ్య దూరం లేదని మాత్రం మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

రెండోది సొంత ఊరి హాలు. ఇక్కడ డ్రాప్‌కిక్ మర్ఫీస్‌కు సాటి లేదు. ఐర్లండ్ పాలక పునీతుడైన సెయింట్ ప్యాట్రిక్ పండుగ మార్చి 17న వస్తుంది. బోస్టన్ ఉన్న సఫోక్ కౌంటీలో ఆ రోజు సెలవు కూడా. 1776లో బ్రిటిష్ సేనలు నగరాన్ని ఖాళీ చేసి వెళ్లిన రోజన్నది అధికారికంగా చెప్పే కారణం. అసలు కారణం ఏమిటో బోస్టన్‌లో ఎవరిని అడిగినా నవ్వుతూ చెబుతారు. ఏటా ఆ పండుగ చుట్టూ ఈ బ్యాండు సొంత ఊళ్లో వరుసగా కచేరీలు చేస్తుంది. 2002 మార్చిలో లాన్స్‌డౌన్ వీధిలోని అవలాన్ హాలులో రికార్డు చేసినది 'లైవ్ ఆన్ సెయింట్ ప్యాట్రిక్స్ డే'. అవలాన్ తర్వాత మూతపడింది. అదే స్థలంలో 2009లో హౌస్ ఆఫ్ బ్లూస్ వచ్చింది. ఆ ఏడాది మార్చి కచేరీలను రికార్డు చేసి 2010లో 'లైవ్ ఆన్ లాన్స్‌డౌన్'గా విడుదల చేశారు. ఒకే వీధి, ఒకే పండుగ, ఏడేళ్ల తేడా. 2002 నాటిది వీధి పంక్‌కు దగ్గరగా, తొందరతొందరగా సాగుతుంది. 2009 నాటికి బ్యాండు పేరు దేశమంతా తెలిసింది, 'ద డిపార్టెడ్' సినిమాలో వారి పాట మోగింది. ఆ ధీమా ఆల్బమ్‌లో వినబడుతుంది. రెండింటిలో ఒకటే కొనాలంటే నేను 2002 నాటిదే కొంటాను. మెరుగు తక్కువైనా ఆకలి ఎక్కువ.

మూడోది పెద్ద వేదిక. మళ్లీ ఫ్లాగింగ్ మాలీయే: 2009లో లాస్ ఏంజెలిస్ గ్రీక్ థియేటర్‌లో రికార్డు చేసి 2010లో విడుదల చేసిన ఆల్బమ్. ఆరుబయట, కొండ వాలులో ఉండే ఈ థియేటర్‌లో సుమారు 5,900 సీట్లు ఉంటాయి. పబ్బులో పుట్టిన బ్యాండు పన్నెండేళ్ల తర్వాత అదే ఊళ్లో అంత పెద్ద జనం ముందు నిలబడితే ఏమి పోతుందో, ఏమి వస్తుందో ఈ రెండు ఆల్బమ్‌లు పక్కపక్కన పెట్టుకుని వినండి. కబుర్లు తగ్గుతాయి, కోరస్‌లు సముద్రమంత అవుతాయి.

మరి పోగ్స్ సంగతి? వారితో మొదలుపెట్టవద్దంటాను. కారణం తర్వాత చెబుతాను.

రెండో అడుగు: మూడు పల్లవులు నోటికి తెచ్చుకోండి

హాలులో ఉన్నవారికి పాటలు ముందే వచ్చు. మీకు రావు. ఆ తేడా పూడ్చకుండా ఆల్బమ్ పెడితే పక్కింటి పెళ్లి సందడి గోడ ఇవతల నుంచి విన్నట్టే ఉంటుంది. ఎంచుకున్న ఆల్బమ్ పాటల జాబితాలోంచి మూడు పాటల స్టూడియో రూపాలు విని, వాటి పల్లవులు మాత్రం నేర్చుకోండి. చరణాల జోలికి వెళ్లకండి. డేవ్ కింగ్ ఉచ్చారణ, డ్రాప్‌కిక్ మర్ఫీస్ గాయకుడు ఆల్ బార్ గర్జన అంత తేలికగా పట్టుబడవు, వాటితో కుస్తీ పడితే విసుగు వస్తుంది. ఈ పాటల నిర్మాణమే అలా ఉంటుంది: కథ చెప్పేది ఒకరు, పల్లవికి వంత పాడేది అందరూ. చరణంలో పదాలు కిక్కిరిసి ఉంటే, పల్లవి మాత్రం గ్లాసు చేతిలో ఉన్నవాడు కూడా తడబడకుండా పాడగలిగినంత చిన్నగా ఉంటుంది.

ఈ అలవాటు పంక్ కంటే పాతది. 'ద వైల్డ్ రోవర్' అనే జానపద గీతం ఏ ఐరిష్ పబ్బులో మొదలైనా, పల్లవిలో ఒకచోట గొంతులు ఆగి చప్పట్లు పడతాయి. ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. ఐరిష్ జానపద గాయకులు క్లాన్సీ బ్రదర్స్, టామీ మేకమ్ 1963లో న్యూయార్క్ కార్నెగీ హాల్ కచేరీ ఆల్బమ్ తెచ్చినప్పుడు ఇదే పద్ధతి, డబ్లినర్స్ అనే జానపద బృందం లండన్ ఆల్బర్ట్ హాల్‌లో పాడినప్పుడూ ఇదే. పంక్ బ్యాండ్లు దానికి గిటార్లు, వేగం జోడించాయి. తీరిక ఉంటే ఆ పాత ఆల్బమ్‌లలో ఒకటి అరగంట వినండి, వంశవృక్షం చెవికే తెలుస్తుంది.

మూడో అడుగు: ప్లేయర్ సెట్టింగులు సరిచేయండి

ఇది చిన్న పని, చాలామంది చేయరు. షఫుల్ ఆపేయండి. లైవ్ ఆల్బమ్‌లో పాటల వరుసే కచేరీ. క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే సెట్టింగు) సున్నాకు పెట్టండి, పాటకు పాటకు మధ్య ఖాళీ రాకుండా వాయించే సదుపాయం ఉంటే అది ఆన్ చేయండి. లేకపోతే ఒక పాట చివర ఎగసిన కేక తెగిపోయి, అర సెకను నిశ్శబ్దం తర్వాత మళ్లీ మొదలవుతుంది. అంతటితో హాలు కూలిపోయినట్టే. ఫోను సొంత స్పీకర్‌లో వినకండి, అందులో జనం గొంతు ఇసుక రాలినట్టు ఉంటుంది. కాస్త దూరంగా పెట్టిన రెండు స్పీకర్లు మంచివి, హెడ్‌ఫోన్లు ఫరవాలేదు. హెడ్‌ఫోన్లయితే ధ్వని మితంగా ఉంచండి. ఈ సంగీతం పెంచమని పోరుతూనే ఉంటుంది, లొంగకండి.

నాలుగో అడుగు: మొదటిసారి జనాన్ని మాత్రమే వినండి

బ్యాండును పట్టించుకోకండి. గిటార్ బాగుందా, గాయకుడు శ్రుతిలో ఉన్నాడా అన్నవి తర్వాత. మొదటి విడతలో చెవి జనం మీదే పెట్టండి. నాలుగు చోట్ల ముఖ్యంగా గమనించాలి.

పాట మొదలయ్యే క్షణం ఒకటి. బాంజో మీద రెండు మూడు స్వరాలు పడగానే, గాయకుడు నోరు తెరవకముందే అరుపు వస్తే, ఆ పాట ఆ ఊరిదై పోయిందని అర్థం. గాయకుడు తప్పుకునే చోటు రెండోది. పల్లవి సగంలో మైకు నుంచి గొంతు మాయమై, గది మొత్తం పాడుతుంది. మంచి బ్యాండు ఎప్పుడు తప్పుకోవాలో తెలిసిన బ్యాండు. డ్రాప్‌కిక్ మర్ఫీస్‌లో ఆల్ బార్, కెన్ కేసీ ఇద్దరూ పంక్తులు పంచుకుని పాడుతుంటే, జనం మూడో గాయకుడిగా ఎక్కడ చొరబడతారో వినండి.

మూడోది చప్పట్ల ఆలస్యం. జనం చప్పట్లు తాళం కంటే కొంచెం వెనక పడుతుంటాయి. అది వారి తప్పు కాదు. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది, అంటే వేదికకు 30 మీటర్ల దూరంలో నిలబడినవారికి డ్రమ్ము దెబ్బ సుమారు 90 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. వారి చప్పట్లు వేదిక దగ్గరి మైకులకు తిరిగి రావడానికి మళ్లీ అంతే. వేగమైన పాటలో ఈ ఆలస్యం స్పష్టంగా వినబడుతుంది. పబ్బు ఆల్బమ్‌లో ఇది దాదాపు ఉండదు, గ్రీక్ థియేటర్‌లో ఉంటుంది. కళ్లు మూసుకుని హాలు కొలవడానికి ఇదొక మంచి పద్ధతి.

నాలుగోది నెమ్మది పాట. అరగంట గెంతిన తర్వాత వేగం తగ్గినప్పుడు జనం ఏమి చేస్తారు? మాటల్లో పడతారా, గొంతు తగ్గించి పాడతారా? ఏ లైవ్ ఆల్బమ్ నాణ్యతనైనా నేను ఆ నెమ్మది పాట దగ్గరే తేల్చుకుంటాను.

ఐదో అడుగు: రెండోసారి వాయిద్యాలను విడదీయండి

ఇప్పుడు బ్యాండు వైపు రండి. తీగ, గాలి, తోలు, కరెంటు అన్నీ ఒకేసారి మోగుతాయి కాబట్టి మొదట ముద్దగా వినిపిస్తుంది. ఒక్కొక్కటిగా పట్టుకోండి.

అన్నింటికంటే పైన, సన్నగా చురుక్కుమనేది టిన్ విజిల్: ఆరు రంధ్రాల చిన్న లోహపు పిల్లనగ్రోవి. పోగ్స్‌లో ఇది స్పైడర్ స్టేసీ చేతిలో ఉండేది. ఆయన అప్పుడప్పుడు బీరు పళ్లెంతో తన తలమీదే తాళం వేసుకునేవారు. రికార్డింగులో ఎక్కడైనా రేకు మోత వస్తే కంగారు పడకండి. టకటకమని గులకరాళ్లు రాలినట్టు మోగేది బాంజో. ఊపిరి తీసుకుని వదులుతున్నట్టు వెడల్పుగా పరచుకునేది అకార్డియన్. ఫ్లాగింగ్ మాలీలో ఫిడేలు, విజిల్ రెండూ బ్రిజిట్ రీగన్ వాయిస్తారు. ఒకటి వినబడేటప్పుడు రెండోది ఎందుకు ఆగిందో దీనితో తెలిసిపోతుంది.

బ్యాగ్‌పైప్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన వీధి భాగవతాలలో శ్రుతి కోసం పట్టే తోలు తిత్తిని చూసినవారికి దీని సూత్రం వెంటనే అర్థమవుతుంది: తిత్తిలో గాలి నింపి చంకకింద నొక్కుతుంటే ధ్వని తెగకుండా వస్తూనే ఉంటుంది. స్కాటిష్ బ్యాగ్‌పైప్‌లో శ్రుతి గొట్టాలతో పాటు బాణీ వాయించే గొట్టం కూడా ఉంటుంది. దానికి తొమ్మిది స్వరాలే. గట్టిగా, మెల్లగా అన్న తేడా లేదు. స్వరానికీ స్వరానికీ మధ్య ఆపడమూ కుదరదు, ఒకే స్వరం రెండుసార్లు కావాలంటే మధ్యలో మెరుపులాంటి అలంకార స్వరం వేసి విడగొట్టాలి. దాని ఆధార స్వరం కూడా మిగతా వాయిద్యాల ప్రమాణం కంటే పైన, దాదాపు బి ఫ్లాట్ దగ్గర, ఒక్కోసారి దానికీ కాస్త పైన ఉంటుంది. కాబట్టి గిటార్లే దాని దగ్గరికి రావాలి. స్టూడియోలో దీన్ని ఎలాగో సర్దుతారు. వేదిక మీద పైపులు ఊదడం మొదలైతే మిగతా అందరూ తలవంచాల్సిందే, ఆ తలవంచడం వినసొంపుగా ఉంటుంది. రియల్ మెకెన్జీస్ 2002లో తెచ్చిన లైవ్ ఆల్బమ్‌లో ఈ పేచీ ఏమాత్రం దాచకుండా వినిపిస్తుంది. శ్రుతి శుద్ధి కోరేవారు దూరంగా ఉండవచ్చు.

విజిల్, బాంజో, ఫిడేలు కష్టం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అవి చిన్న గొంతులు. పక్కనే డ్రమ్ములు, ఎలక్ట్రిక్ గిటార్లు మోగుతుంటే వాటి ముందు పెట్టిన మైకులోకి డ్రమ్ము కూడా దూరుతుంది, ధ్వని పెంచితే కీచుమనే కూత వస్తుంది. లైవ్ రికార్డింగులో బాంజో స్పష్టంగా వినబడితే తెర వెనక ఎవరో బాగా కష్టపడ్డారని అర్థం.

ఇక తాళం. ఈ సంగీతానికి మూలమైన నాట్య బాణీలలో జిగ్ అంటే ఆరు మాత్రల నడక, తకిట తకిట అని వేసుకోవచ్చు. రీల్ నాలుగు మాత్రలది, తకధిమి. పోల్కా రెండు మాత్రలది. పంక్ డ్రమ్మర్ వాయించే దబ్‌చక్ దబ్‌చక్, పోల్కా నడక దాదాపు ఒకటే. ఈ రెండు లోకాలు అంత తేలికగా కలిసిపోవడానికి కారణం అదే. 'రాకీ రోడ్ టు డబ్లిన్' లాంటి స్లిప్ జిగ్‌లో మాత్రం మూడు తకిటలు కలిసి తొమ్మిది మాత్రలు. జనం గెంతుతూ గెంతుతూ ఎక్కడ కాలు తప్పుతారో అక్కడే ఆ పాట మజా. తొలి రోజుల్లో పోగ్స్ డ్రమ్మర్ ఆండ్రూ రాంకెన్ నిలబడి, రెండే డ్రమ్ములతో పని కానిచ్చేవారు. తాళం అంత సాదాగా ఉంటే గాని గదిలో ప్రతి కాలూ దాన్ని పట్టుకోలేదు.

ఆరో అడుగు: ఒకే పాటను మూడు చోట్ల వినండి

ఫ్లాగింగ్ మాలీ పాట 'బ్లాక్ ఫ్రైడే రూల్' తీసుకోండి. ఇది 1997 పబ్బు ఆల్బమ్‌లో ఉంది, 2000 నాటి 'స్వాగర్'లో ఉంది, గ్రీక్ థియేటర్ ఆల్బమ్‌లోనూ ఉంది. సాధారణంగా స్టూడియో పాట ముందు, లైవ్ తర్వాత. ఇక్కడ వరుస తిరగబడింది. పబ్బులో కాచి వడపోసిన పాట స్టూడియోకు వెళ్లింది. 'స్వాగర్' రికార్డు చేసినది స్టీవ్ ఆల్బినీ, బ్యాండు ఒక గదిలో వాయించినట్టే వినబడాలని పట్టుబట్టే మనిషి. అయినా తేడా ఉంటుంది. మీ ఫోనులో తాళం కొలిచే యాప్ ఏదైనా పెట్టుకుని, వేలితో కొడుతూ మూడింటి వేగాలు రాసుకోండి. తర్వాత పాట మధ్యలో వాయిద్యాలు మాత్రమే సాగే భాగం ఎంతసేపు ఉందో చూడండి. మాటల కంటే ఈ రెండు అంకెలు ఎక్కువ చెబుతాయి.

పోగ్స్‌తో ఈ పని అంత సాఫీగా సాగదు, వారితో మొదలుపెట్టవద్దన్నది అందుకే. వారి 1985 ఆల్బమ్‌ను నిర్మించిన ఇంగ్లిష్ గాయకుడు ఎల్విస్ కాస్టెల్లో, తనకంటే నేర్పరి అయిన నిర్మాత ఎవరైనా వచ్చి బ్యాండును చెడగొట్టకముందే ఉన్నదున్నట్టు పట్టుకోవడమే తన పని అనుకున్నానని చెప్పారు. అంటే వారి స్టూడియో ఆల్బమ్‌లే సగం లైవ్. వారి వేదిక వైభవం 1988 సెయింట్ ప్యాట్రిక్ పండుగ నాడు లండన్ టౌన్ అండ్ కంట్రీ క్లబ్‌లో చిత్రీకరించిన కచేరీలో ఉంది. అది వీడియోగా చూడవలసినది. గాయని కిర్స్టీ మెక్‌కాల్, క్లాష్ అనే పంక్ బ్యాండు గాయకుడు జో స్ట్రమ్మర్ అతిథులుగా వస్తారు. 1991లో గాయకుడు షేన్ మెక్‌గోవన్‌ను బ్యాండే పంపించివేసింది, కొంతకాలం స్ట్రమ్మరే ఆయన స్థానంలో పాడారు. 2001లో అందరూ మళ్లీ కలిశారు. 2012లో పారిస్ ఒలింపియాలో ముప్పై ఏళ్ల వేడుక కచేరీ ఆల్బమ్‌గా వచ్చింది. అప్పటికి మెక్‌గోవన్ గొంతు బాగా అరిగిపోయింది, మాటలు ముద్దగా వస్తాయి. నిర్మొహమాటంగా చెప్పాలంటే గాయకుడిగా ఆయన అక్కడ నిలబడలేదు, పాటలు నిలబడ్డాయి. ఆయన వదిలేసిన పంక్తులను పారిస్ జనం అందుకుంటారు. ఇరవై ఏడేళ్ల పాత పాటలను మరో భాషవాళ్లు ఆయనకు గుర్తుచేస్తున్నట్టు ఉంటుంది. ముందు నాలుగైదు లైవ్ ఆల్బమ్‌లు విన్న చెవికే ఇది దక్కుతుంది. కొత్తవారికి తాగినవాడి పాటలా అనిపించి చిరాకు పుట్టవచ్చు.

ఏడో అడుగు: మాటలు ఇప్పుడు చదవండి

సంగీతం ఒంటికి పట్టాక పాటల పాఠం తెరవండి. సారా, కొట్లాట, సముద్రం అన్నవి పైపూత. లోపల ఉన్నవి వేరు. 1845 నుంచి 1852 వరకు ఐర్లండ్‌ను పట్టి పీడించిన బంగాళాదుంప కరవులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకంటే ఎక్కువ మంది ఓడలెక్కి దేశం విడిచారు. పోగ్స్ గిటారిస్టు ఫిలిప్ షెవ్రాన్ ఆ బ్యాండు కోసం రాసిన 'థౌజండ్స్ ఆర్ సెయిలింగ్' ఆ ఓడల నుంచి 1980ల నాటి వీసా క్యూల దాకా సాగుతుంది. బోస్టన్‌లోనో డబ్లిన్‌లోనో చదువుకుంటూ వీసా తేదీలు లెక్కపెట్టుకుంటున్న తెలుగు విద్యార్థికి దానికి టీక అవసరం లేదు. డ్రాప్‌కిక్ మర్ఫీస్ పాడిన 'విచ్ సైడ్ ఆర్ యూ ఆన్' (నువ్వు ఎవరి పక్షం?) 1931లో కెంటకీలోని హార్లన్ కౌంటీ బొగ్గు గని కార్మికుల సమ్మెలో ఫ్లోరెన్స్ రీస్ రాసినది. ఆమె గని కార్మిక నాయకుడి భార్య. డబ్లిన్ పాటని లోకమంతా అనుకునే 'డర్టీ ఓల్డ్ టౌన్' ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్ గురించి యువాన్ మెక్‌కాల్ రాసినది. ఆయన పైన చెప్పిన కిర్స్టీ తండ్రి.

ఇవి తెలిశాక మళ్లీ వినండి. రెండు వేల మంది యువకులు బొగ్గు గని సమ్మె పాటకు పిడికిలెత్తి అరుస్తుంటే, పాడే ప్రశ్న వారిలో ఎవరికి ఎంత తగులుతుందో మీరే ఊహించుకోండి.

తాగుడు గురించి ఒక మాట. ఈ ఆల్బమ్‌లలో దానిమీద జోకులకు లోటుండదు. జోకులుగా కొన్ని బాగానే ఉంటాయి. మెక్‌గోవన్ ఒంటికి అది ఏమి చేసిందో 1988 వీడియో, 2012 ఆల్బమ్ పక్కపక్కన ఉంచితే తెలిసిపోతుంది. ఆయన 2023 నవంబరు 30న కన్నుమూశారు.

ఎనిమిదో అడుగు: జనం లేని కచేరీ ఒకటి చూడండి

జనం విలువ తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. 2020 మేలో, కోవిడ్ కాలంలో, డ్రాప్‌కిక్ మర్ఫీస్ లాన్స్‌డౌన్ వీధికి ఆనుకునే ఉన్న ఫెన్‌వే పార్క్ బేస్‌బాల్ మైదానంలో కచేరీ చేశారు. స్టాండ్లన్నీ ఖాళీ. అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ దూరం నుంచి తెర మీద జతకలిశారు. వాయించడంలో లోపం లేదు, ధ్వని శుభ్రంగా ఉంది. పాట ముగిసిన ప్రతిసారీ వచ్చే ఆ ఖాళీ మాత్రం చూసేవారిని ఇబ్బంది పెడుతుంది. రెండు మూడు పాటలు చూసి, వెంటనే 'లైవ్ ఆన్ లాన్స్‌డౌన్' పెట్టండి.

తొమ్మిదో అడుగు: అనుమానించడం కూడా నేర్చుకోండి

లైవ్ అని అట్టమీద ఉన్నంత మాత్రాన అంతా ఆ రాత్రి జరిగిందని కాదు. రెండు మూడు రాత్రుల రికార్డింగుల నుంచి మంచివి ఏరి ఒక కచేరీగా కుట్టడం మామూలే, అందులో మోసం లేదు. తర్వాత స్టూడియోలో గొంతు తిరిగి పాడి అతికించడం వేరే సంగతి. గాయకుడు ఊపిరాడనంతగా గెంతినట్టు జనం అరుస్తుంటే, ఆయన గొంతులో మాత్రం అలుపే లేకపోతే సందేహించవచ్చు. జనం ధ్వని చరణం మొదలైన క్షణంలో కత్తితో కోసినట్టు ఆగిపోతే, మిక్సింగ్ బల్ల దగ్గర ఎవరో మీట కిందికి దించారు. జనాన్ని మరీ అణిచేస్తే లైవ్ ఆల్బమ్ తీయడమే దండగ. మరీ పెంచితే బాంజో మునిగిపోతుంది. చిన్న తప్పులు, ఎక్కడో తీగ తెగిన మోత, ముందే మొదలుపెట్టిన పల్లవి వదిలేసి ఉంటే ఆ ఆల్బమ్‌ను నమ్మండి.

అన్ని పాటల మధ్యా ఉపన్యాసాలు ఉన్న ఆల్బమ్‌లు మాత్రం నాకు సరిపడవు. మొదటిసారి నవ్వు వస్తుంది, ఐదోసారికి ముందుకు తోసేస్తాము.

పదో అడుగు: మనుషులతో కలిసి వినండి, వీలైతే వెళ్లండి

ఒంటరిగా వినడం సాధన మాత్రమే. నలుగురు స్నేహితులను పిలవండి. ముందుగా ఆ మూడు పల్లవులు పంపండి, లేకపోతే వారు మర్యాదగా తల ఊపి ఫోన్లు చూసుకుంటారు. అపార్ట్‌మెంట్ అయితే పై అంతస్తువారిని కూడా పిలవడం మంచిది, ఫిర్యాదు చేసేవారు ఉండరు. పూర్తి ఆల్బమ్ పెట్టనక్కరలేదు. పబ్బు ఆల్బమ్‌లోంచి రెండు పాటలు, అవలాన్‌లోంచి నాలుగు, తర్వాత ఒక నెమ్మది పాట, అంతటితో ఆపండి.

బోస్టన్, డబ్లిన్, లండన్ లాంటి ఊళ్లలో ఉన్నవారికి అసలు కచేరీకి వెళ్లే వీలుంటుంది. మార్చిలో బోస్టన్ టికెట్లు త్వరగా అయిపోతాయి, చలికాలం మొదట్లోనే చూసుకోండి. చెవిలో పెట్టుకునే ఇయర్‌ప్లగ్‌లు జేబులో ఉంచుకోండి, ముఖ్యంగా పైపులు ఉన్న బ్యాండు అయితే. మొదటిసారి వెళ్లేవారు వేదిక ముందు మధ్య భాగం వదిలి, పక్క గోడ వైపు నిలబడండి. మధ్యలో తోసుకుంటూ గెంతుతారు, అది కొట్లాట కాదు. ఎవరైనా కింద పడితే చుట్టూ ఉన్నవారు వెంటనే లేపి నిలబెడతారు, మీ పక్కన పడితే ఆ పని మీది. కళ్లద్దాలు ఉంటే తీసి భద్రంగా పెట్టుకోండి, షూ లేసులు గట్టిగా కట్టుకోండి. ఫోను పైకెత్తి రికార్డు చేయకండి. ఆ పని చేయడానికి బ్యాండు దగ్గర మంచి మైకులు ఉన్నాయి, మీ గొంతు కూడా వాటిలో పడవచ్చు.